ప్రోటాన్లు ఢీకొంటే ఎన్ని కణాలు? ల్యాప్‌టాప్ లెక్క, సెర్న్ కొలత: ప్రాజెక్టు డైరీ

7 టీఈవీ (ఒక టీఈవీ అంటే లక్ష కోట్ల ఎలక్ట్రాన్‌వోల్టులు) శక్తి దగ్గర రెండు ప్రోటాన్లు ఢీకొంటే అడ్డంగా ఎన్ని ఆవేశిత కణాలు బయటికొస్తాయి? జెనీవా దగ్గర సెర్న్ నడిపే ఎల్‌హెచ్‌సీ కొలైడర్‌లో సీఎంఎస్ ప్రయోగం 2010లో ఇచ్చిన జవాబు 5.78. గణాంక దోషం (లెక్కపెట్టిన ఢీలు పరిమితం కాబట్టి వచ్చేది) ±0.01, క్రమ దోషం (పరికరం, పద్ధతి వల్ల వచ్చేది) ±0.23. ఆ అంకెని ఇంట్లో ల్యాప్‌టాప్ మీద, పిథియా 8 అనే సిమ్యులేషన్ ప్రోగ్రాంతో రాబట్టాలన్నది పని. మొదటిసారి నాకు 7.2 వచ్చింది. ఈ డైరీలో ఎక్కువ భాగం ఆ 7.2 నుంచి కిందికి దిగిన మెట్ల లెక్కే. ఇదే పని ఇంకెవరైనా మొదలుపెడితే, నేను పోగొట్టుకున్న మూడు వారాలు వాళ్లకైనా మిగలాలని రాస్తున్నాను.

"అడ్డంగా" అంటే ఏంటో ముందే చెప్పాలి. కణం ఎగిరే దిశని కొలైడర్ వాళ్లు ఈటా అనే కొలతతో చెబుతారు. ప్రోటాన్ల పుంజానికి సరిగ్గా లంబంగా వెళ్తే ఈటా సున్నా, పుంజం వైపు వాలేకొద్దీ పెరుగుతుంది. ఈటా −0.5 నుంచి +0.5 అంటే పుంజంతో దాదాపు 62.5 డిగ్రీల నుంచి 117.5 డిగ్రీల వరకు ఉన్న పట్టీ. ఆ పట్టీలో ఒక్కో ఢీకి సగటున ఎన్ని కణాలన్నదే 5.78.

నేను విజయవాడలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఈ ప్రయోగాల్లో నాకే పాత్రా లేదు. కొలతలన్నీ డర్హమ్ విశ్వవిద్యాలయం వాళ్లు నడిపే హెప్‌డేటా అనే కొలతల భండారంలో ఉచితంగా దొరుకుతాయి, సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే.

దశ 1: సామాను, నిండిపోయిన డిస్కు

ల్యాప్‌టాప్ పాతది: నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్, డిస్కులో ఖాళీ 14 జీబీ. ఈవెంట్లు (ఒక్కో ఢీ ఒక ఈవెంటు) పుట్టించడానికి పిథియా, వాటిని ప్రయోగం లెక్కపెట్టిన పద్ధతిలోనే లెక్కపెట్టడానికి రివెట్. రెండూ కలిసున్న డాకర్ ఇమేజ్ దొరుకుతుంది. సొంతంగా కంపైల్ చేయబోయి ఒక ఆదివారం పోగొట్టుకున్నాను, ఆ జోలికి వెళ్లకండి.

ఒక్కో ఈవెంటులో పుట్టిన ప్రతి కణాన్నీ, దాని తల్లిదండ్రుల్నీ పిథియా హెప్‌ఎంసీ అనే టెక్స్ట్ ఫైల్లో రాస్తుంది. 10,000 ఈవెంట్లకి 700 ఎంబీ అయింది. అంటే ఈవెంటుకి 70 కేబీ. ఆ లెక్క చూసి కూడా రాత్రి రెండున్నర లక్షలకి పెట్టి పడుకున్నాను. ఎక్కడ ఆగుతుందో గుణించి చూస్తే చాలు: 14 జీబీని 70 కేబీతో భాగిస్తే రెండు లక్షలు. పొద్దున చూస్తే డిస్కు నిండి, ఫైలు సగం వాక్యంలో తెగి ఉంది.

మందు: ఫైలు రాయకుండా పైపు పెట్టడం.

1. ఎంకేఎఫ్ఐఎఫ్ఓ కమాండుతో ఒక పేరున్న పైపు తయారు చేయాలి.
2. ముందు రివెట్‌ని ఆ పైపు నుంచి చదవమని బ్యాక్‌గ్రౌండ్‌లో నడపాలి.
3. తర్వాత పిథియాని ఆ పైపులోకి రాయమనాలి.

మొదటిసారి రెండో మెట్టు మర్చిపోయాను. అవతల చదివేవాడు లేకపోతే రాసేవాడు తలుపు దగ్గరే నిలబడిపోతాడు. ఎర్రర్ రాదు, ప్రాసెసర్ వాడకం మాత్రం సున్నా. నలభై నిమిషాలు తెర వైపు చూస్తూ "స్టార్టింగ్‌కి టైం పడుతుందేమో" అనుకున్నాను.

వేగం: రాత్రిపూట ఒక కోరు మీద సెకనుకి 110 ఈవెంట్లు. మధ్యాహ్నం 70. మేం ఉండేది పై అంతస్తు, స్లాబు వేడి నేరుగా దిగుతుంది, ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తనే నెమ్మదిస్తుంది. అందుకే పెద్ద రన్నులన్నీ రాత్రికే.

*ఇప్పటిదాకా: నడిపినవి 2,10,000. పనికొచ్చినవి 0.*

దశ 2: 7.2

రివెట్ బొమ్మల్ని నేరుగా నమ్మకుండా, ముందు 30 లైన్ల సొంత కోడుతో లెక్కపెట్టాను. నియమం తేలిక: చివరిదాకా మిగిలిన కణమై ఉండాలి, ఆవేశం ఉండాలి, ఈటా ±0.5 లోపల ఉండాలి. వచ్చింది 7.2. కొలత కంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ.

మొదట మోడల్ మీదే అనుమానపడ్డాను. పిథియాలో తిప్పడానికి వందల కొద్దీ నట్లున్నాయి, చెయ్యి వాటి మీదకే పోతుంది. ఆ రోజు తిప్పనందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను. తప్పు లెక్కపెట్టడంలో ఉంది.

సీఎంఎస్ వాళ్లు లెక్కపెట్టినవి ప్రాథమిక ఆవేశిత హాడ్రాన్లు (క్వార్కులతో తయారైన కణాలు). అందులో రెండు షరతులున్నాయి, నేను రెండూ పాటించలేదు.

మొదటిది, బలహీన క్షయాల (కణాలు కాస్త దూరం వెళ్లాక నెమ్మదిగా విడిపోవడం) వల్ల పుట్టిన పిల్లల్ని కలపకూడదు. కే-షార్ట్ అనే తటస్థ కణం సగటున 2.7 సెంటీమీటర్లకి సరిపడా ఆయుష్షుతో పుట్టి, నూటికి 69 సార్లు రెండు ఆవేశిత పయాన్లుగా విడిపోతుంది. లాంబ్డా ఆయుష్షు 7.9 సెంటీమీటర్లు, నూటికి 64 సార్లు ప్రోటాన్, పయాన్‌గా విడిపోతుంది. పిథియాని మామూలుగా నడిపితే ఈ రెండింటినీ విడగొట్టేసి, పిల్లల్ని చివరి కణాలుగా చేతిలో పెడుతుంది. నా కోడు వాటినీ లెక్కలో వేసింది.

ఇది ఎంత పెద్ద తప్పో కాగితం మీద వేసి చూశాను. ఈ కణాలు ఎన్ని పుడతాయో కూడా సీఎంఎస్సే 7 టీఈవీ దగ్గర కొలిచింది: మధ్య ప్రాంతంలో యూనిట్ ర్యాపిడిటీకి (ఈటాకి దగ్గరగా ఉండే మరో కొలత) కే-షార్ట్ 0.346, లాంబ్డా (ప్రతికణంతో కలిపి) 0.189.

1. కే-షార్ట్ వాటా: 0.346ని 0.692తో, ఆపైన 2తో గుణిస్తే 0.48.
2. లాంబ్డా వాటా: 0.189ని 0.64తో, ఆపైన 2తో గుణిస్తే 0.24.
3. మొత్తం 0.72. అంటే 5.78లో 12 శాతం.

ర్యాపిడిటీ, ఈటా ఒకటే కావు కాబట్టి ఇది చేతి లెక్కే. కానీ విషయం తెలిసిపోతుంది. కొలతలో ఉన్న మొత్తం దోషం 4 శాతం. నిర్వచనంలో ఒక్క మాట వదిలేస్తే వచ్చే తేడా దానికి మూడింతలు.

దీనికి పిథియాలో రెండు లైన్లు చాలు. పార్టికల్‌డికేస్ విభాగంలో లిమిట్‌టావ్0 ఆన్ చేయాలి, టావ్0మ్యాక్స్‌ని 10కి పెట్టాలి. ఆ 10 మిల్లీమీటర్లు, సెంటీమీటర్లు కావు. అంతకన్నా ఎక్కువ ఆయుష్షున్న కణాల్ని విడగొట్టకుండా వదిలేస్తుంది. మళ్లీ నడిపితే 6.5.

రెండో షరతు హాడ్రాన్లు అన్న మాటలో ఉంది. తటస్థ పయాన్ మామూలుగా రెండు ఫోటాన్లవుతుంది కానీ, నూటికి ఒకటికి పైగా సార్లు ఒక ఫోటాన్‌తో పాటు ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటని ఇస్తుంది. నూటికి ఒకటేగా అనిపిస్తుంది. తటస్థ పయాన్లు ఆవేశిత పయాన్లలో సగం ఉంటాయి, ఒక్కో జంటలో రెండు కణాలుంటాయి, కాబట్టి మొత్తం మీద తిరిగి ఒక శాతం దగ్గరికే వస్తుంది. ఎలక్ట్రాన్ల లాంటి లెప్టాన్లని (హాడ్రాన్లు కావు) తీసేస్తే 6.4.

ఈ అంకెలన్నీ ఒక్క దశాంశానికే ఇస్తున్నాను. రన్నుకి 50,000 ఈవెంట్లే, అంతకు మించి చెప్పడం బడాయి.

*ఇప్పటిదాకా: నడిపినవి 3,60,000. పనికొచ్చినవి 0. అంకె: 7.2, 6.5, 6.4.*

దశ 3: డిఫ్రాక్షన్ గొడవ

మిగిలిన తేడా 0.6. ఇది ఏ ఢీల్ని లెక్కలోకి తీసుకున్నామన్న దగ్గరుంది.

అప్పటిదాకా నడిపింది నాన్‌డిఫ్రాక్టివ్ ఢీలు మాత్రమే, అంటే రెండు ప్రోటాన్లూ నుజ్జయినవి. 5.78 మాత్రం సింగిల్ డిఫ్రాక్టివ్ (ఒక ప్రోటాన్ మాత్రమే చిట్లేవి) కానివన్నీ కలిపి చెప్పిన అంకె. రెండు ప్రోటాన్లూ ఒకదాన్నొకటి రాసుకుపోయి రెండు వైపులా విడిగా చిట్లే డబుల్ డిఫ్రాక్టివ్ ఢీలు కూడా అందులో ఉంటాయి. వాటిలో మధ్య పట్టీ దాదాపు ఖాళీ. అవి కలిస్తే సగటు పడిపోవాలి.

పిథియా ప్రతి ఈవెంటుకీ ఒక కోడ్ ఇస్తుంది: 101 నాన్‌డిఫ్రాక్టివ్, 103, 104 సింగిల్, 105 డబుల్. ఇనెలాస్టిక్ (కనీసం ఒక ప్రోటానైనా చిట్లిన ఢీలు) మొత్తం ఆన్ చేసి లక్ష ఈవెంట్లు నడిపి, 103, 104 తీసేశాను. 5.7.

అంకె కలిసింది. నాకు మాత్రం మనసొప్పలేదు. కణం మీద "నేను డిఫ్రాక్షన్‌లో పుట్టాను" అని రాసి ఉండదు. డిటెక్టర్‌కి కోడ్ 103 కనబడదు. ప్రయోగం వాళ్లు కూడా సింగిల్ డిఫ్రాక్టివ్ వాటాని ఏదో ఒక మోడల్ సాయంతోనే తీసేయాలి. అంటే కొలతలో కాస్త మోడల్ కలిసింది, దాన్ని మళ్లీ మోడల్‌తో పోలుస్తున్నాం.

అందుకే రెండో లక్ష్యంగా ఎల్‌హెచ్‌సీలోనే ఉన్న ఆలిస్ ప్రయోగం 2010 కొలత తీసుకున్నాను. వాళ్ల షరతు చూపుడు వేలితో చూపించగలిగేది: ఈటా ±1 లోపల కనీసం ఒక్క ఆవేశిత కణమైనా ఉన్న ఢీ. అంతే. 7 టీఈవీ దగ్గర వాళ్ల అంకె 6.01, క్రమ దోషం +0.20, −0.12. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి.

ఇందులోనూ రెండు పొరపాట్లు చేశాను. మొదట 12 దాటింది, ఎందుకంటే పట్టీ వెడల్పు 2 అని మర్చిపోయి భాగించలేదు. భాగించాక మరీ తక్కువ వచ్చింది, ఎందుకంటే షరతు దాటని ఖాళీ ఈవెంట్లని కూడా హారంలో ఉంచేశాను. షరతు లవానికెంతో హారానికీ అంతే. ఇలాంటి తప్పు పరీక్ష పేపర్లో పిల్లలు చేస్తే నేను ఎర్ర సిరాతో గుండ్రంగా చుడతాను. సరిచేశాక 6 దగ్గరికి వచ్చింది.

*ఇప్పటిదాకా: నడిపినవి 4,60,000. పనికొచ్చినవి 1,00,000.*

దశ 4: పది లక్షలు అనుకున్నవి

గణాంక దోషం తగ్గించాలని నాలుగు కోర్ల మీదా ఒకేసారి రెండున్నర లక్షల చొప్పున నడిపాను. ఉదయానికి పది లక్షలు. పాత లక్షతో కలిపి పదకొండు. నాలుగు ఫలితాలూ రివెట్‌తోనే కలిపాను. ఎర్రర్ బార్లు సన్నగా, అందంగా వచ్చాయి.

రెండు రోజుల తర్వాత, వేరే పని మీద నాలుగు ఫైళ్లని పక్కపక్కన తెరిచాను. మొదటి బిన్ (హిస్టోగ్రాములో ఒక గడి) విలువ నాలుగింట్లోనూ ఒకటే. రెండో బిన్ ఒకటే. చివరి దశాంశం దాకా ఒకటే. నాలుగు వేర్వేరు రన్నులు అలా కలవడం జరగని పని.

కారణం సీడ్, అంటే యాదృచ్ఛిక సంఖ్యల వరస మొదలయ్యే అంకె. చెప్పకపోతే పిథియా ప్రతిసారీ 19780503 అనే డిఫాల్ట్ సీడ్‌తోనే మొదలవుతుంది. నాలుగు కోర్లూ ఒకే రెండున్నర లక్షల ఈవెంట్లని నాలుగు సార్లు పుట్టించాయి. ఇంకా దారుణం, దశ 3లో నడిపిన లక్ష కూడా అదే సీడ్, అవే సెట్టింగులు. అంటే అదీ ఈ రెండున్నర లక్షల్లో మొదటి లక్షే. పదకొండు లక్షలనుకున్నది నిజానికి రెండున్నర లక్షలు. దోషం 0.005 అనుకున్నది నిజానికి 0.01.

1. ర్యాండమ్ విభాగంలో సెట్‌సీడ్ ఆన్ చేయాలి.
2. ప్రతి కోరుకీ వేరే సీడ్ ఇచ్చి, ఆ అంకెని ఫలితం ఫైలు పేరులోనే పెట్టాలి.
3. కలిపే ముందు ఏ రెండు ఫైళ్లూ అచ్చం ఒకేలా లేవని చూసుకోవాలి.

ఒక కాపీ ఉంచుకుని మిగతా మూడు కొత్త సీడ్లతో మళ్లీ నడిపాను. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, ఇన్వర్టర్ ఆదుకుంది.

*ఇప్పటిదాకా: నడిపినవి 22,10,000. పనికొచ్చినవి 10,00,000.*

దశ 5: మరీ బాగున్న ఫిట్

ఈటా −2.5 నుంచి +2.5 దాకా పది బిన్లలో సీఎంఎస్ కొలతనీ నా లెక్కనీ పోల్చి కై-స్క్వేర్ (దోషంతో పోలిస్తే రెండూ ఎంత దూరమో చెప్పే అంకె, మామూలుగా బిన్‌కి 1 దగ్గర ఉండాలి) కట్టాను. బిన్‌కి 0.2 కూడా రాలేదు. సంబరంగా నా పాత స్టూడెంటుకి పంపాను. ఆ అమ్మాయి ఇప్పుడు విదేశంలో కణ భౌతికశాస్త్రంలోనే పీహెచ్‌డీ చేస్తోంది. రాత్రి ఫోన్ చేసింది.

"సార్, 0.2 వస్తే సంతోషించకూడదు, అనుమానించాలి."

"ఏం, మోడల్ బాగుండకూడదా?"

"మోడల్ సంగతి తర్వాత సార్. పది బిన్లలోనూ మీ అంకె కొంచెం కిందే ఉంది, చూశారా? క్రమ దోషం పది బిన్లకీ కలిపి ఒకటే. పైకెళ్తే అన్నీ పైకి, కిందికెళ్తే అన్నీ కిందికి. మీరేమో పది వేర్వేరు పాచికలన్నట్టు లెక్కకట్టారు."

నిజమే. ట్రాక్ దొరికే సామర్థ్యం అంచనాలో తేడా ఉంటే అది అన్ని బిన్లనీ ఒకే వైపుకి లాగుతుంది. పది సాక్ష్యాలనుకున్నది ఒకే సాక్ష్యం. ఎత్తుని ఒక్కసారి, ఒకే అంకెగా పోల్చాలి (నాకు వచ్చింది దాదాపు మూడో వంతు సిగ్మా తేడా, అంటే దోషంలో మూడో వంతు), ఆ తర్వాత మధ్య బిన్‌తో భాగించి ఆకారాన్ని విడిగా చూడాలి. ఆకారంలో అంచుల దగ్గర చిన్న తేడా కనబడింది. ముందు వేసిన బొమ్మలో అది క్రమ దోషం కింద దాక్కుని ఉంది.

పెట్టేసే ముందు ఇంకోమాట అంది: "అయినా మొనాష్ ట్యూన్ 2013ది సార్. 2010 డేటా చూసే సరిచేశారు."

అది నాకు తట్టనే లేదు. పిథియా 8 మామూలుగా వాడే సెట్టింగుల మూట పేరు మొనాష్ 2013. ఎల్‌హెచ్‌సీ మొదటి కొలతలు దానికి ముందే ఉన్నాయి. 2010లో సీఎంఎస్ ప్రచురించినప్పుడు అప్పటి మోడళ్లు కొలత కంటే తక్కువే చెప్పాయి. 0.9 నుంచి 7 టీఈవీకి కణాల సంఖ్య 66 శాతం పెరుగుతుందని అవి ఊహించలేదు. ఇప్పుడు నా 5.7 కలిసిందంటే, జవాబు చూసి రాసిన పరీక్షలో మార్కులొచ్చినట్టే.

చూడకుండా రాసిన పరీక్ష కావాలంటే 2013 తర్వాతి కొలత తీసుకోవాలి. 2015లో 13 టీఈవీ దగ్గర సీఎంఎస్ కొలత: 5.49 ± 0.01 ± 0.17, ఈసారి ఇనెలాస్టిక్ ఢీలన్నీ కలిపి. అయస్కాంతం ఆపేసి తీసిన డేటా అది. క్షేత్రం లేకపోతే ట్రాకులు తిన్నగా పోతాయి, అతి నెమ్మది కణాలు కూడా వంగి తప్పిపోవు. 7 దగ్గర 5.78 ఉంటే 13 దగ్గర 5.49కి ఎందుకు తగ్గిందని అడగకండి, ఏ ఢీలు లెక్కలోకి వచ్చాయన్న షరతు మారింది. దశ 3 కథే మళ్లీ.

రెండు లక్షల ఈవెంట్లు నడిపితే 5.5 వచ్చింది. ఈ మొత్తం పనిలో నాకు నిజంగా నచ్చిన అంకె ఇదొక్కటే.

*ఇప్పటిదాకా: నడిపినవి 24,10,000. పనికొచ్చినవి 12,00,000.*

దశ 6: నట్లు తిప్పి చూడటం

దీన్ని త్వరగా ముగిస్తాను. ఒక ఢీలో ప్రోటాన్ల లోపలి క్వార్కులు, గ్లూవాన్లు ఒక్క జంటే కాదు, చాలా జంటలు తగులుకుంటాయి. ఎన్ని జంటలన్నది పీటీ0 అనే కోతని బట్టి ఉంటుంది. మొనాష్‌లో 7 టీఈవీ దగ్గర అది 2.28 జీఈవీ (టీఈవీలో వెయ్యో వంతు). వేరే శక్తి దగ్గర, ఆ శక్తిని 7తో భాగించి 0.215 ఘాతానికి ఎత్తి గుణించాలి. 0.9 దగ్గర 1.47, 13 దగ్గర 2.60. 13 టీఈవీ అంకె కలవడానికి ఈ ఘాతం పెద్ద కారణం.

లక్ష చొప్పున నాలుగు రన్నులు వేశాను.

1. పీటీ0ని 2.28 నుంచి 2.0కి దించితే కణాల సంఖ్య స్పష్టంగా పెరిగింది.
2. 2.5కి పెంచితే తగ్గింది.
3. కలర్ రీకనెక్షన్ (క్వార్కుల మధ్య తంతులు కణాలుగా విడిపోయే ముందు మళ్లీ జతపడటం) ఆపేస్తే సంఖ్య మళ్లీ పెరిగింది.
4. రీకనెక్షన్ ఆపి, పీటీ0 పెంచి సంఖ్యని పాత చోటికే తెచ్చాను.

నాలుగోది చేసింది మోసం ఎలా ఉంటుందో చూడ్డానికే. సంఖ్య సరిగ్గా కలిసింది. కానీ ఒక ఢీలో కణాలు పెరిగేకొద్దీ వాటి సగటు అడ్డ ద్రవ్యవేగం ఎలా మారుతుందో గీస్తే, డేటాలో చక్కగా పైకి పోయే గీత నా రన్నులో చదునుగా పడుకుంది. ఒక్క అంకె కలిపి చూపించడం ఎవరికైనా కుదురుతుంది. రెండో బొమ్మ కూడా చూపించమని అడగాలి.

*ఇప్పటిదాకా: నడిపినవి 28,10,000. పనికొచ్చినవి 16,00,000.*

దశ 7: ఒమేగా దగ్గర ఆగింది

2017లో ఆలిస్ ప్రచురించిన 7 టీఈవీ ఫలితం ఒకటుంది. కణాలు ఎక్కువ పుట్టిన ఢీల్లో, పయాన్లతో పోలిస్తే స్ట్రేంజ్ కణాల వాటా పెరుగుతూ పోతుంది. లోపల స్ట్రేంజ్ క్వార్కులు ఎన్ని ఎక్కువుంటే అంత బాగా పెరుగుతుంది: మూడున్న ఒమేగా అందరికంటే పైన. మామూలు పిథియాలో ఆ గీత దాదాపు కదలదు. ఎందుకంటే అప్ లేదా డౌన్ క్వార్కు జంటతో పోలిస్తే స్ట్రేంజ్ జంట పుట్టే అవకాశం అందులో ఒకే స్థిర సంఖ్య, 0.217. రద్దీగా ఉన్న ఢీ అయినా, ఖాళీ ఢీ అయినా అదే.

ఇది నా చేత్తో చూడాలనుకున్నాను. పది లక్షల ఈవెంట్లు ఉన్నాయి కదా అని కూర్చుంటే, అవి లేవు. పైపులో పోయిన నీళ్లు పోయినట్టే, హిస్టోగ్రాములే మిగిలాయి. అదృష్టం, సీడ్లు ఫైలు పేర్లలో ఉన్నాయి కాబట్టి అవే పది లక్షలూ మళ్లీ పుట్టించాను. ఈ లెక్క నడిపినవాటిలో చేరుతుంది, పనికొచ్చినవాటిలో చేరదు.

ఆలిస్ వాళ్లు రద్దీని మధ్య పట్టీలో కొలవలేదు. దూరంగా, ఈటా 2.8 నుంచి 5.1, −3.7 నుంచి −1.7 మధ్య ఉన్న డిటెక్టర్లతో తరగతులు చేశారు. లెక్కపెట్టే చోటే తరగతులు చేస్తే ఫలితం వంకరపోతుంది. నేనూ అలాగే చేశాను. అత్యంత రద్దీ తరగతి అంటే పైన ఒక శాతం, దాదాపు పదివేల ఈవెంట్లు. అందులో మధ్య ప్రాంతంలో దొరికిన ఒమేగాలు 9.

తొమ్మిదికి దోషం మూడు. 33 శాతం ఎర్రర్ బార్‌తో గీత చదునుగా ఉందో, ఎక్కుతుందో ఎవరూ చెప్పలేరు. దోషం 5 శాతానికి రావాలంటే 400 ఒమేగాలు కావాలి, అంటే నాలుగున్నర కోట్ల ఈవెంట్లు. నాలుగు కోర్లూ కలిసి సెకనుకి 320 చొప్పున నిద్రపోకుండా తిరిగినా 39 గంటలు. వేడికి ఆగకుండా అంతసేపు ఈ యంత్రం తిరగదు.

కాబట్టి మార్చింది ఇది:

1. ఒమేగా వదిలేసి, రెండు స్ట్రేంజ్ క్వార్కులున్న క్సై తీసుకున్నాను. సంఖ్య చాలా ఎక్కువ, పెరుగుదల కూడా కంటికి ఆనేంత ఉంటుంది.
2. పది తరగతులు ఐదుకి కుదించాను.
3. రెండో రన్నులో రోప్ హ్యాడ్రనైజేషన్ ఆన్ చేశాను. రద్దీలో తంతులు ఒకదాని మీద ఒకటి పడి తాడులా పేనుకుంటే స్ట్రేంజ్ జంటలు సులువుగా పుడతాయన్నది దాని ఊహ. తంతులు ఎక్కడున్నాయో తెలియకుండా ఏది దేని మీద పడిందో తెలియదు కాబట్టి, పార్టన్‌వర్టెక్స్‌లో సెట్‌వర్టెక్స్ కూడా ఆన్ చేయాలి.

రోప్ రన్ బాగా నెమ్మది, సెకనుకి 30 కూడా దాటడం లేదు. నిన్న రాత్రి 11 గంటలకి కొత్త సీడ్లతో నాలుగు కోర్ల మీద పెట్టాను, కింద రెండు ఇటుకలు పేర్చి ల్యాప్‌టాప్‌కి గాలి ఆడేలా చేసి, టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి. పొద్దున ఆరింటికి 6,80,000 అయ్యాయి. నాలుగు ఫైళ్లూ తెరిచి మొదటి బిన్ చూశాను, నాలుగూ వేరువేరుగానే ఉన్నాయి.

*ఇప్పటిదాకా: నడిపినవి 44,90,000. పనికొచ్చినవి 22,80,000. క్సై గీత ఇంకా గీయలేదు.*